చేట చెరిగిన పేరు

కాసులమ్మ గొంతు ఇసకరేవులో మళ్లీ వినబడిన రోజున మొదట ఉలిక్కిపడినవాడు ఆమె మొగుడే.

మిట్టమధ్యాహ్నం. సూరాడ మసేను అరుగు మీద కూర్చుని చిరిగిన వల కట్టుకుంటున్నాడు. ఇంట్లోంచి కేక వచ్చింది.

"ఓ మావా! కూడు సల్లారిపోతంది. సెవుడేటి నీకు?"

మసేను చేతిలో సూది జారిపోయింది. ఆ గొంతు విని ఏడాది దాటింది. సంతలో మూడు వీధుల అవతలికి వినబడే గొంతు అది. లేచి గుమ్మంలోకి వచ్చి చూశాడు. పెళ్లాం పీట మీద కూర్చుని ఉంది. నోరు మూసే ఉంది. మెడకి నల్లటి పట్టీ ఒకటి కట్టుకుంది. పక్కన స్టూలు మీద పాత కంప్యూటరు, దాని పక్కన స్పీకరు. కూతురు రత్నం నేల మీద కూర్చుని నవ్వుతూ ఏడుస్తోంది.

మసేను తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మాటలు తక్కువ మనిషి.

"ఆసుపత్రోళ్లు కోసి పారేసిన నాలిక్కి నువ్వు మళ్లీ అతుకేసీసినావేటే అమ్మా," అన్నాడు కూతురితో. "కొన్నాళ్లు సుకంగా ఉన్నాను."

"ఇన్నాను," అంది స్పీకరు. "నా సెవులు కొయ్యనేదు."

ఆ పూట ఆ ఇంట్లో అన్నం నిజంగానే చల్లారిపోయింది. ఎవరూ తినలేదు.

ఆ తీరంలో పెద్ద వయసు ఆడవాళ్లు చుట్ట అడ్డపొగ కాలుస్తారు. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు. రెండు చేతులూ బుట్టకి ఖాళీగా ఉంటాయి. కాసులమ్మ పెళ్లి కాక ముందు నుంచీ అలాగే కాల్చింది. ఆ నిప్పే అంగిలి మీద పుండై కూర్చుంది. పెద్దాసుపత్రిలో అంగిలీ, నాలుకలో సగం తీసేశారు. ప్రాణం దక్కింది. గొంతూ ఉంది. మాట పోయింది. ఏదన్నా అనబోతే గాలీ ఉమ్మీ కలిసిన ఒక బొబ్బ వచ్చేది. ఇంటికొచ్చిన కొత్తలో నీళ్ల కుళాయి దగ్గర ఎవరో ఆ బొబ్బని వెక్కిరించారు. అందరూ నవ్వారు. ఆ రోజు కాసులమ్మ నోరు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

ఆపరేషనుకి ముందే రత్నం ఒక పని చేసింది. తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించి ఆ గొంతంతా రికార్డు చేసి దాచింది. చేపల బేరాలు, తిట్లు, పక్కింటి తగువులు, చిన్నప్పటి కబుర్లు. చదువురాని మనిషి, కాగితం చూసి చదవలేదు. మాట్లాడమంటే మాత్రం ఆపలేదు.

మెడకి కట్టిన పట్టీ గొంతు కండరాల కదలికని పట్టుకుంటుంది. చప్పుడు చెయ్యక్కర్లేదు. మాట మనసులోంచి గొంతుదాకా వస్తే చాలు. ఆ కదలిక ఏ మాటదో కంప్యూటరు వెతుకుతుంది. వెతికి, దాచిన గొంతుతో పలుకుతుంది.

అంత పనీ చెయ్యాల్సింది చేపల ఎగుమతి ఆఫీసువాళ్లు పారేసిన పాత డబ్బా. అందులో మామూలు ఆపరేటింగ్ సిస్టమ్ పెడితే దానికే సరిపోతుంది, మాటకి చోటు మిగలదు. అందుకని సోమనాథం మాస్టారు ఒక తేలికపాటి సిస్టమ్ కట్టాడు. ఆయన పట్నంలో పాలిటెక్నిక్ లో పాఠాలు చెబుతాడు. ఆ సిస్టమ్ పేరు చేట.

చేట ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, బాగు చేసి తిరిగి ఇవ్వచ్చు. ఒడ్డు నుంచి లాగే అలివివల లాంటిది. తలో చెయ్యీ వేస్తేనే వస్తుంది. ఎక్కడెక్కడి వాళ్లో దాని మీద పని చేసేవాళ్లు. కట్టేవాళ్లు కొందరు, పరీక్ష చేసి లోపాలు పట్టేవాళ్లు కొందరు. రత్నం పరీక్ష చేసే మనిషి. ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఒక గది వాళ్ల లాబు. కింద ఐసు కొట్టే చప్పుడు, మేడ మీద పాత డబ్బాల ఫ్యాన్ల చప్పుడు.

దానికి చేట అని పేరు పెట్టడానికి కారణం ఉంది. మిగతా సిస్టమ్ లు వాడేకొద్దీ బరువెక్కుతాయి. ఇది వాడేకొద్దీ తేలికవుతుంది. మనిషి ఏం వాడుతున్నాడో చూస్తుంది. వాడింది గింజ. వాడనిది పొల్లు. పొద్దున్న స్విచ్చి వెయ్యగానే పొల్లు చెరిగేసి అప్పుడు పనిలోకి దిగుతుంది. అలాంటి సిస్టమ్ అంతకు ముందు లేదు. చచ్చిన డబ్బా కూడా దాంతో లేచి కూర్చునేది.

కానీ కాసులమ్మ డబ్బా మొరాయించింది. మెల్లగా మాట్లాడితే పలికేది. ఆమెకి మెల్లగా మాట్లాడడం రాదు. ఆడబిడ్డ గౌరమ్మ మీద విరుచుకుపడి తిట్టు మధ్యలో ఉండగా డబ్బా బిగుసుకుపోయేది. "ఓలె గౌరీ, నీ తల మీద…" అని ఆగిపోయేది. మళ్లీ స్విచ్చి ఆపి వెయ్యాలి. ఈలోగా గౌరమ్మ వీధి మలుపు తిరిగిపోయేది.

గౌరమ్మ మసేనుకి అక్క. ఆమె వెళుతూ వెళుతూ అనేది, "సూసినావా, నా మీద తిట్టు దేవుడికే ఇష్టం నేదు."

డబ్బా జబ్బు పట్టడానికి రత్నం కూర్చుంది. ఒక్కొక్కటే మార్చింది. రెండు కలిపి మారిస్తే ఏది నయం చేసిందో తెలియదు. మెమరీ ముక్క మార్చింది. పోలేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఫ్యాను తీసి కొత్తది పెట్టింది. పోలేదు. తెర ఆపేసి గొంతు ఒక్కటే నడిపింది. కాస్త నయం, కానీ పోలేదు. లాబులో ఇంకో డబ్బా మీద అదే గొంతు పెట్టి చూసింది. అదీ బిగిసింది. అంటే డబ్బాది కాదు జబ్బు.

ఆఖరికి దొరికింది. మొదట్లో గొంతు పెట్టినప్పుడు రేవులో జనం అనే మాటలన్నీ అందులో పోశారు, ఎప్పుడు ఏది కావాలో తెలియదని. కాసులమ్మ అనని మాటలు కూడా ఆమె గొంతు ముక్కలు అతికి తయారుచేసి పెట్టారు. ఒక కదలిక రాగానే కంప్యూటరు ఆ గుట్టంతా గాలించాలి. ఆమె వేగానికి అది గాలించలేకపోతోంది.

"చేట అన్ని మాటల్నీ ఎందుకు ఉంచుతోంది మాస్టారూ?" అంది రత్నం.

సోమనాథం కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "మాటల జోలికి పోవద్దని నేనే కట్టడి పెట్టాను. ప్రోగ్రాములు, బొమ్మలు, లెక్కలు చెరగొచ్చు. మాటలంటే భయం వేసింది."

"ఆ కట్టడి తీసేద్దాం. ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్య దాకా అనని మాట పొల్లు."

"అమావాస్యేమిటి అమ్మాయ్?"

"మా వాళ్లకి నెలంటే అదే."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. పక్క రేవుల్లో ఇలాగే నోరు పోయిన ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల పిల్లలు లాబు మెట్లెక్కి వచ్చి ఎప్పుడిస్తారని అడిగి పోతున్నారు. మధ్యలో బిగుసుకుపోయే గొంతుని వాళ్లకెలా ఇస్తాడు?

"సరే," అన్నాడు. "కానీ మొదటిసారి దానంతట దాన్ని చెరగనివ్వకు. ఒక్కో మాటా నిన్ను అడిగేలా పెడతాను. నువ్వు చూసి పారెయ్."

అమావాస్య వెళ్లిన మర్నాడు పొద్దున్నే రత్నం ఇంట్లో ఆ పని మొదలెట్టింది. కాసులమ్మ చేపల వేలానికి వెళ్లింది. మసేను ఇంట్లోనే ఉన్నాడు. ఆ రోజు వేటకి పోరు. కూతురి పక్కన చతికిలబడి తెర చూశాడు. అక్షరాలు రావు. రత్నం చదివి వినిపించింది.

"విమానం."

"పారేయ్. మీయమ్మ ఎక్కినాదేటి."

"వెన్నపూస."

"పారేయ్."

"మంచు."

"అదేటి, ఐసేనా? ఐసుంటే సాల్లే."

ఇద్దరికీ సరదాగా ఉంది. తెర ఒక్కో మాటా చూపించి ఉంచాలా, వద్దా అని అడుగుతోంది. రత్నం వేలు నొక్కుతూ పోతోంది. కాస్త పోయాక ఆగి నవ్వింది.

"నాయినా, నీ పేరొచ్చింది."

"ఏటి?"

"మసేను. నువ్వే. ఉంచమంటావా, పారేయమంటావా అనడుగుతంది."

ఆ రేవులో పెళ్లాం మొగుడి పేరు అనదు. ఓట్లకి, రేషనుకి పేరు రాసుకునేవాళ్లు వచ్చి అడిగితే పక్కావిడ చేత చెప్పిస్తుంది. అదే పేరున్న మనిషి ఇంకొకడుంటే వాణ్ని 'పలానా ఆయన' అంటుంది. కాసులమ్మ మేనమామ కొడుకుని చేసుకుంది. పుట్టినకాణ్నుంచి ఆమెకి అతను మావే.

మసేను మోకాలు చరుచుకుని నవ్వాడు. అతను అలా నవ్వడం రత్నం ఎక్కువసార్లు చూడలేదు.

"పారేయే అమ్మా. పెళ్లయినకాణ్నుంచి అననిది ఇప్పుడంటాదేటి? నా పేరు మొయ్యడం ఆ డబ్బాకెందుకు బరువు."

రత్నం నొక్కింది. పేరు పోయింది. వెంటనే ఇంకో మాట వచ్చింది.

చేట బాగా చెరిగింది. ఆ రోజు నుంచి డబ్బా బిగుసుకోలేదు. కాసులమ్మ అనీ అనకముందే పలికేది. గౌరమ్మ వీధి మలుపు తిరిగేలోగా తిట్టు అందేది. పక్క రేవుల ఆడవాళ్లు కొంగులు మూతికడ్డం పెట్టుకుని వచ్చి చూసిపోయారు. ఒకామె ఆ స్పీకరుని నిమిరి కళ్లకద్దుకుంది. సోమనాథం మాస్టారు వాళ్లకి ఇవ్వాల్సిన డబ్బాలు వరసగా పేర్చి దుమ్ము దులిపాడు. ఇంక చేట ఎవర్నీ అడగనక్కర్లేదని దానంతట దానికే వదిలేశారు.

నెలలు గడిచాయి. గొంతు చురుగ్గానే ఉంది. ఇంట్లో మాత్రం మాట తగ్గింది.

రత్నం అది వెంటనే పట్టలేదు. తల్లి పెద్దదవుతోంది అనుకుంది. పూర్వం కాకిని తోలడానికి కూడా కాసులమ్మ దగ్గర ఒక సామెత ఉండేది. ఇప్పుడు చెయ్యి ఊపుతోంది. ఒకరోజు గౌరమ్మ వచ్చి ఏదో ఎత్తిపొడిచింది. కాసులమ్మ మెడ కదిలింది. స్పీకరు పలకలేదు. మళ్లీ కదిలింది. పలకలేదు. ఆఖరికి "పోనీలే" అంది. గౌరమ్మ మొహం చిన్నబోయింది.

"ఏటయ్యింది దీనికి?" అంది రత్నాన్ని పక్కకి పిలిచి. "నన్ను తిట్టడం మానేసింది. ఒంట్లో బాగున్నాదా?"

రత్నం డబ్బా చూసింది. తప్పేమీ లేదు. 'మాట దొరకలేదు' అని అక్కడక్కడ గీతలున్నాయి. దగ్గు వచ్చినా గుటక వేసినా అలాంటి గీత పడుతుంది. వాటిని లెక్కలోకి తీసుకోలేదు. లాబుకి వెళ్లి పరీక్ష కాగితం మీద పాస్ అని రాసింది.

అనాలనుకున్నది ఒకసారి దొరక్కపోతే కాసులమ్మ ఇంకోసారి వెతికేది కాదు. ఉన్నవాటితో సరిపెట్టుకునేది. సరిపెట్టుకున్నకొద్దీ మిగతావి పొల్లయ్యేవి. అమావాస్య అమావాస్యకీ చేట ఇంకాస్త తేలికయ్యేది. ఆ ఇంట్లో అన్నం, నీళ్లు, చేప, బేరం, మావా, ఇవి మిగిలాయి.

కార్తీకం వెళ్లాక ఒకనాడు తెల్లవారకముందే మసేను తెప్ప వేసుకుని పోయాడు. ఒంటరిగానే పోతాడు. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి, "వొస్తాను," అన్నాడు. కాసులమ్మ పట్టీ కట్టుకోలేదింకా. తలూపింది.

పొద్దెక్కాక ఈశాన్యం నల్లబడింది. గాలి తిరిగింది. చినుకులు ఇసుక మీద రాళ్లలా పడ్డాయి. పడవలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. తెప్పలూ వచ్చాయి. వచ్చినవాళ్లని అడిగితే, మసేను తెప్ప దూరంగా కనబడిందని ఒకడు అన్నాడు. గాలి వచ్చాక కనబడలేదన్నాడు. గాలివాన ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. ఎండ కాసింది. మసేను రాలేదు.

మధ్యాహ్నానికి రేవంతా ఒడ్డున నిలబడింది. గౌరమ్మ మరదలి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"కాసులూ. లేయే. పిలవాలి."

కాసులమ్మ తలెత్తింది.

ఇసకరేవులో పెళ్లాం మొగుడి పేరు అనకపోవడం ఒక మాట. అనే రోజు ఒకటి ఉండడం ఇంకో మాట. తెప్ప తిరిగి రాకపోతే ఆ ఇంటి ఆడది మోకాళ్లదాకా నీళ్లలో దిగి సముద్రానికి మొగుడి పేరు చెప్పాలి. పేరుకేక అంటారు. తల్లి పిలవకూడదు, తోడబుట్టినది పిలవకూడదు, పిల్లలు పిలవకూడదు. పెళ్లామే పిలవాలి. బతుకంతా దాచుకున్న మాట గనక దానికి బలం అంటారు. ఆ కేక వింటే సముద్రం మనిషిని ఇస్తుంది. మనిషినివ్వకపోతే శవాన్నైనా ఇస్తుంది. మామూలు రోజుల్లో దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తితే కీడని. రత్నం పుట్టాక ఆ రేవులో పేరుకేక వెయ్యాల్సి రాలేదు.

"దీనికి నోరు నేదు కదా," అన్నారెవరో.

"ఉన్నాది," అంది గౌరమ్మ. "ఆ డబ్బాలో ఉన్నాది. తెండి."

చేపల బండి మీద కంప్యూటరు ఎక్కించారు. బ్యాటరీ ఎక్కించారు. స్పీకరుని సముద్రం వైపు తిప్పి తాడుతో కట్టారు. ఇసుకలో చక్రాలు కూరుకుపోతుంటే మగవాళ్లు ఎత్తి మోశారు. తేలికైన సిస్టమ్ కదా, బ్యాటరీ మీద రోజంతా నడుస్తుంది. రత్నం బండి వెంట పరుగెడుతోంది. ఏదో గుర్తురావాలి, గుర్తురావడం లేదు. నీళ్ల అంచుకి వచ్చి స్విచ్చి వేశాక గుర్తొచ్చింది.

కాసులమ్మ నీళ్లలోకి దిగింది. మోకాళ్లదాకా వెళ్లి నిలబడింది. మెడ పట్టీ సరిచేసుకుంది.

ఆమె గొంతు కదిలింది.

స్పీకరు పలకలేదు.

మళ్లీ కదిలింది. ఈసారి మెడ నరాలు ఉబ్బాయి. పలకలేదు. తెర మీద ఒక గీత పడింది. దాని కింద ఇంకోటి.

రత్నం మీటల మీద చెయ్యి పెట్టింది. ఆ అక్షరాలు తను కొడితే డబ్బా ముక్కలు అతికి ఎలాగోలా పలుకుతుంది. అమ్మ గొంతుతోనే పలుకుతుంది. ఎవరికీ తెలియదు.

గౌరమ్మ చూసింది. "నువ్వు కాదే," అంది మెల్లగా. "కూతురు పిలవకూడదు. అది ఎవురి గొంతైనా పిలిసేది నువ్వే."

రత్నం చెయ్యి తీసేసింది.

కాసులమ్మ వెనక్కి తిరిగి కూతుర్ని చూసింది. ఏమైందని కళ్లతో అడిగింది. రత్నం నీళ్లలోకి వెళ్లి తల్లి ఎదురుగా నిలబడింది.

"నేదమ్మా," అంది. "నాయిన పేరు దీన్లో నేదు. నువ్వు అనవు కదాని నానే తీసేసినాను."

కాసులమ్మ కాసేపు అలాగే చూసింది. కోపం లేదు మొహంలో. ఏదీ లేదు. మెడ పట్టీ విప్పింది. కూతురి చేతిలో పెట్టింది. సముద్రం వైపు తిరిగింది. ఏడాదికి పైగా మూసుకున్న నోరు తెరిచింది.

మొదట పెదవులు కలిసి 'మ' వచ్చింది. అది స్పష్టంగానే వచ్చింది. దానికి నాలుక అక్కర్లేదు. తరవాత వచ్చింది మాట కాదు. అంగిలి లేని నోట్లోంచి గాలి, ఉమ్మి, ఒక బొబ్బ. దెబ్బతిన్న జంతువు అరుపులాంటిది. రెండోసారి అరిచింది. మూడోసారీ అరిచింది. నాలుగోసారికి గొంతు బొంగురుపోయింది. కుళాయి దగ్గర నవ్వినవాళ్లు కూడా ఆ ఒడ్డునే ఉన్నారు. తలలు దించుకున్నారు.

మసేను రాలేదు. మూడో రోజున తెప్ప దుంగ ఒకటి పక్క రేవు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మనిషి మాత్రం ఏ రేవుకీ రాలేదు.

"మనిసిని ఇవ్వనేదు సరే, ఒల్లైనా ఇవ్వాలి కదా," అని గౌరమ్మ గోడకి తల ఆనించి ఏడ్చింది. "పేరు సరీగ్గా పడనేదు. మరి సముద్రానికేటి తెలుస్తాది ఎవుణ్ని అడుగుతన్నామో."

ఆ మాట రత్నానికి వినబడాలని అనలేదు. వినబడింది.

దినాలయ్యాక రత్నం లాబుకి వెళ్లింది. వరసగా పేర్చిన డబ్బాలు అలాగే ఉన్నాయి. సోమనాథం లేచి నిలబడ్డాడు. రత్నం తన పరీక్ష కాగితం తీసుకుని పాస్ అన్న మాట కొట్టేసింది. ఫెయిల్ అని రాసింది.

"రత్నం," అన్నాడాయన, "గాలివానకి చేట ఏం చేస్తుంది? పేరు పలికినా ఆయన వచ్చేవాడు కాదు."

"రాడు మాస్టారూ. నాకు తెలుసు."

"అది తప్పు చెయ్యలేదు. చెప్పినట్టు చేసింది."

"అందుకే ఫెయిల్ అని రాశాను."

ఆయన కూర్చున్నాడు. కింద ఐసు కొడుతున్నారు.

"పోనీ, పేర్ల జోలికి పోవద్దని చెబుదాం," అన్నాడు. "పేర్లు ఉంచి మిగతావి చెరుగుతుంది."

"మా అమ్మ దగ్గర పోయింది పేరొక్కటేనా? సామెతలు పోయాయి. తిట్లు పోయాయి. ఎప్పుడో ఒక్కసారి అందామని దాచుకున్నవి ఇంకేం పోయాయో మనకేం తెలుసు? ఇంటింటికీ వెళ్లి, మీరు అనకుండా దాచుకునే మాటలేవో చెప్పండి అని అడగ్గలమా? చెబుతారా?"

"అన్నీ ఉంచితే మళ్లీ బిగుసుకుంటుంది కదమ్మా. ఒక్క మాటకి అంతసేపు ఆగాల్సి వస్తే ఎవరు కట్టుకుంటారు ఆ పట్టీ? విసిరికొడతారు. వాళ్లంతా ఎదురుచూస్తున్నారు. మాట లేకుండా ఉండడం కన్నా నాలుగు మాటలుండడం నయం కాదా?"

ఆయన అన్నది అబద్ధం కాదు.

"అమ్మని అడుగుతాను," అంది రత్నం. "గొంతు ఆవిడది. అమ్మ విసిరికొడితే మీ మాటే ఖాయం. పాత చేటే పంపించండి."

లాబులో దాచిన మొదటి గుట్టంతా తెచ్చి ఇంట్లో డబ్బాలో మళ్లీ పోసింది. విమానం, వెన్నపూస, మంచు, అన్నీ. మాటల్ని చెరగకుండా చేటకి మళ్లీ కట్టడి వేసింది. డబ్బా బిగుసుకుపోయి చచ్చిపోకుండా వెతుకులాటని మార్చింది. రోజూ అనే మాటల్ని ముందు చూసి, అక్కడ లేకపోతే ఎంత ఆలస్యమైనా మిగతా గుట్టలో వెతుకుతూనే ఉండేలా పెట్టింది. అంతకన్నా చెయ్యడానికి దారి దొరకలేదు. లాబులో పరీక్షిస్తే ఎప్పుడూ అనని ఒక్కో మాటకి నిలబడి నిలబడి కాళ్లు పీకాయి.

కాసులమ్మ ఆ రోజు నుంచీ పట్టీ ముట్టుకోలేదు. వంటింటి గోడకి ఆనుకుని కూర్చుంటుంది. గౌరమ్మ రోజూ వచ్చి పక్కన కూర్చుంటోంది. ఇద్దరూ మాట్లాడుకోరు. అన్నం వండే వేళకి గౌరమ్మ పొయ్యి అంటిస్తుంది.

ఆ మధ్యాహ్నం కూడా పొయ్యి మీద అన్నం దించి మూత పెట్టారు. రత్నం పట్టీ తెచ్చి తల్లి ముందు పెట్టింది.

"అమ్మా. అన్నీ మళ్లీ ఎట్టేసినాను. ఏదీ తియ్యనేదు. కానీ బేగి పలకదు. సానాసేపు ఆగాల. నీకు వొద్దంటే తీసీస్తాను."

కాసులమ్మ అటు తిరిగి కూర్చుంది. రత్నం లేవలేదు. గౌరమ్మ కూడా లేవలేదు. చాలాసేపటికి కాసులమ్మ చెయ్యి చాపింది. పట్టీ అందుకుంది. కట్టుకుంది.

మెడ ఒకసారి కదిలింది.

డబ్బా ఫ్యాను గిర్రున తిరిగింది. తెర మీద వెతుకులాట గుర్తు తిరుగుతోంది. స్పీకరు పలకలేదు. ఇంకా పలకలేదు. వీధిలో ఎవరో చేపలమ్ముకుంటూ వెళ్లిపోయారు. అన్నం మీది మూత కింద ఆవిరి ఆగిపోయింది. గౌరమ్మ కూర్చున్న చోటే అటూ ఇటూ కదిలింది. బిగుసుకుపోయిందేమో అనుకుంది రత్నం. స్విచ్చి మీదికి చెయ్యి పోనిచ్చింది.

కాసులమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. ఆగమని. ఆమె కళ్లు స్పీకరు మీదే ఉన్నాయి. ఒడ్డున నిలబడి నీటి గీతని చూసే ఆడవాళ్లు అలాగే చూస్తారు.

అప్పుడు పలికింది.

"మసేనూ."

సంతలో మూడు వీధుల అవతలికి వినబడే గొంతు. ఆపరేషనుకి ముందు ఆ పేరు ఆమె ఎన్నడూ అనలేదు. అందుకని డబ్బా ముక్కలు అతికింది. మావాలో మ, సేపలో సే, నువ్వులో ను. ఎక్కడ అతికిందో రత్నానికి తెలుసు. అతుకులు వినబడలేదు.

గౌరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. వీధిలో నడుస్తున్నవాళ్లు ఆగిపోయారు.

కాసులమ్మ మెడ మళ్లీ కదిలింది. ఈసారి ఫ్యాను తిరగలేదు. రోజూ అన్న మాట గనక వెతకనక్కర్లేకపోయింది. అనీ అనకముందే పలికింది.

"కూడు సల్లారిపోతంది."

మర్నాడు లాబులో సోమనాథం అడిగాడు, విసిరికొట్టిందా అని.

"లేదు మాస్టారూ," అంది రత్నం. "ఆలస్యమవుతుంది. వస్తుంది. పంపించండి."